ఏడో గది పానకాలు కొత్తవాడైన వైనం

నిమ్మలపాడు పురపాలక సంఘం వారికి బస్టాండు పక్కన రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు ఒకటుంది. అందులో నలభై గదులు. ప్రారంభోత్సవం నాడు ఊరంతా వచ్చి చూసి మురిసిపోయి, మర్నాటి నుంచి దాని సంగతి మరిచిపోయింది. పై అంతస్తు మెట్లు ఎంత నిటారుగా కట్టారంటే, ఎక్కినవాడు ఏం కొనాలని ఎక్కాడో ఆ ఆయాసంలో మరిచిపోయి దిగి వచ్చేవాడు. కింది అంతస్తులో మాత్రం ఆరుగురు అద్దెకుండేవారు. వాళ్ళలో ఏడో నంబరు గదిలో గాజుల కొట్టు పెట్టుకున్న పానకాలు ఒకడు.

పానకాలు ఆ గదిలో చేరి ఇరవై మూడేళ్ళయింది. నెలకు నాలుగు వేలు అద్దె. ఒకటో తారీకు పొద్దున, ఆఫీసు తాళం తీసే మనిషి కన్నా ముందే వెళ్ళి డబ్బు చేత్తో పట్టుకుని నిలబడేవాడు. అంత క్రమం తప్పకుండా కట్టడం వల్ల ఆఫీసులో అతని పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. ఎగ్గొట్టేవాళ్ళ పేర్లు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

ఊళ్ళో ఆడవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు గాజులంటే పానకాలే. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని చెయ్యి చాపుతారు, అంతే. సైజు చెప్పరు, అతనూ అడగడు. ఎవరి మణికట్టు ఎంతో, ఎవరి చెయ్యి మెత్తనో, ఎవరి బొటనవేలి దగ్గర గాజు పట్టేస్తుందో అతని వేళ్ళకు తెలుసు. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ వాళ్ళు బస్సు దిగి నేరుగా అతని దగ్గరికే వచ్చేవారు. పానకాలుకు ఆస్తి అంటూ ఉంటే ఆ పరిచయమే. కూతుళ్ళిద్దరి పెళ్ళిళ్ళు దాని మీదే చేశాడు.

ఇలా ఉండగా సంఘం వారికి రెండో కాంప్లెక్సు కట్టాలని బుద్ధి పుట్టింది. మొదటిది ఖాళీగా ఉండగా రెండోది దేనికని అడిగేంత తెలివితక్కువవాళ్ళు కౌన్సిల్లో ఎవరూ లేరు. బ్యాంకువారు మాత్రం, మొదటి దాని అద్దె ఒప్పందాలు చూపించండి, వాటిని బట్టి కట్టడానికి విలువ కట్టి అప్పు ఇస్తాం అన్నారు. అద్దె తగ్గిస్తే గదులు నిండుతాయి గాని విలువ పడిపోతుంది. తగ్గించకపోతే విలువ నిలుస్తుంది గాని గదులు నిండవు. కమిషనర్ విరూపాక్షరావుగారు ఈ చిక్కుతో నెల రోజులు సరిగ్గా భోజనం చెయ్యలేదు. ఆ తర్వాత పట్నంలో ఏసీ హోటల్లో జరిగిన మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక సంచీ, ఒక పెన్నూ, ఒక ఆలోచనా వెంటబెట్టుకుని వచ్చారు.

కౌన్సిల్ సమావేశంలో ఆయన లేచి గొంతు సవరించుకున్నారు.

"గౌరవ సభ్యులారా! అద్దె తగ్గించుట అనునది కాలం చెల్లిన పద్ధతి. మనం పెంచుదాం. నాలుగు వేలు ఉన్నదాన్ని పద్ధెనిమిది వేలు చేద్దాం. అయితే, కొత్తగా వచ్చే అద్దెదారులకు ప్రోత్సాహకం కింద మొదటి సంవత్సరం మొత్తం మినహాయిద్దాం. ఒప్పందం కాగితం మీద పద్ధెనిమిది వేలే ఉంటుంది. బ్యాంకువారు చదివేది ఆ కాగితమే."

ఒక సభ్యుడు భయపడుతూ చెయ్యెత్తాడు. "అంటే, ఏడాది పాటు పైసా రాదు గదండీ?"

"రాదు," అన్నారు కమిషనర్‌గారు ఏమాత్రం తొణక్కుండా. "ఇప్పుడు మాత్రం వస్తున్నదా? ఇప్పుడు ఒక్కో ఖాళీ గది నుంచి నెలకు నాలుగు వేలు రావడం లేదు. ఇకపై పద్ధెనిమిది వేలు రాదు. రాని సొమ్ములోనే ఇంత పెరుగుదల ఉంటే, వచ్చే సొమ్ము సంగతి మీరే ఊహించుకోండి."

సభ్యులు ఊహించుకుని చప్పట్లు కొట్టారు.

నెల తిరక్కుండా కాంప్లెక్సు నిండిపోయింది. ఊరూ పేరూ తెలియని వ్యాపారస్థులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఏడాది ఉచితం అన్న ముక్క మాత్రం రెండు సార్లు చదువుకుని సంతకాలు పెట్టారు. సెల్‌ఫోన్ కవర్ల కొట్లు ఐదు వెలిశాయి. మిరపకాయల వ్యాపారి ఒకతను పై అంతస్తులో ఏకంగా తొమ్మిది గదులు తీసుకుని టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వేయించాడు. అతని బోర్డు మీద 'నవయుగ వాణిజ్య కేంద్రం' అని రాసి ఉండేది. గాలి తిరిగినప్పుడు కాంప్లెక్సంతా ఒక్కసారిగా తుమ్మేది. ఆ తుమ్ములు విని కమిషనర్‌గారు కిటికీలోంచి చూసి, ఎంత సందడిగా ఉందో అని సంతోషించేవారు.

పానకాలు కూడా సంతోషించాడు. చుట్టూ కొట్లు ఉంటే జనం వస్తారని అతని ఆశ. మూడు నెలలు తుమ్ముతూ సంతోషించాక అతనికి నోటీసు వచ్చింది. ఇరుగు పొరుగు గదుల ఒప్పందాలను బట్టి మార్కెట్ అద్దె పద్ధెనిమిది వేలని రుజువైనందున, ఏడో నంబరు గది అద్దెను వచ్చే నెల నుంచి పద్ధెనిమిది వేలుగా సవరించడమైనది అని అందులో ఉంది.

పానకాలు నోటీసు పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. రెవెన్యూ ఆఫీసరు సీతాపతిగారు అతన్ని కమిషనర్‌గారి గదిలోకి తీసుకెళ్ళారు.

"అయ్యా, ఆళ్ళెవరూ పద్ధెనిమిది వేలు కట్టట్లా. అసలు రూపాయి కట్టట్లా," అన్నాడు పానకాలు.

"కట్టకపోవడం ప్రోత్సాహకం. అద్దె మాత్రం అద్దే," అన్నారు విరూపాక్షరావుగారు. "రెంటినీ కలపరాదు."

"మరి ఆ ప్రోత్సాహకమేదో నాకూ ఇప్పించండి బాబూ. ఇరవై మూడేళ్ళుగా ఒక్క నెల తప్పలా నేను."

కమిషనర్‌గారు అతని వంక జాలిగా చూశారు. "చూడవయ్యా. ప్రోత్సాహకం అనేది రానివాణ్ణి రప్పించడానికి. నువ్వు ఎప్పుడో వచ్చేశావు. వచ్చి కూర్చున్నవాణ్ణి రమ్మని ఎలా పిలుస్తాం?"

ఇందులో తప్పెక్కడుందో పానకాలుకు అంతు పట్టలేదు. అంతు పట్టకపోయినా తల ఊపాడు. "పోనీ, నేను ఒకసారి ఖాళీ చేసి వెళ్ళిపోయి, మళ్ళా వస్తే?"

"అప్పుడు నువ్వు కొత్తవాడివి," అన్నారు కమిషనర్‌గారు చిరునవ్వుతో. "స్వాగతం."

పద్ధెనిమిది వేలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? బజార్లో వేరే గది చూద్దామంటే రెండు లక్షలు అడ్వాన్సు అడుగుతున్నారు. పానకాలు కొట్టు ఖాళీ చేశాడు. గాజుల పెట్టెలన్నీ ఊరి చివర తన ఇంట్లో మంచాల కింద సర్ది, మర్నాడే కొత్త అద్దెదారుడిగా దరఖాస్తు పెట్టుకున్నాడు.

అయితే ఈ ఉపాయం తట్టింది అతనికొక్కడికే కాదు. మిగతా పాత అద్దెదారులు ఐదుగురిలో ముగ్గురు విసిగిపోయి బస్టాండు అవతలికి తరలిపోగా, ఇద్దరు తమ బావమరుదుల పేర్లతో అవే గదుల్లోకి తిరిగి వచ్చారు. కొట్లో బావమరిది ఫోటో ఉండేది, బావ కూర్చునేవాడు. సీతాపతిగారు ఈ సంగతి కనిపెట్టి, ఆ ఇద్దరినీ ఖాళీ చేయించి ఫైలు పెట్టారు. పాతవాళ్ళు కొత్తవాళ్ళ వేషంలో చొరబడుతున్నారని ఆఫీసు అదిరిపోయింది. వెంటనే ఒక ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ప్రోత్సాహకం కావాలంటే నూతనత్వ ధ్రువీకరణ పత్రం తప్పనిసరి.

ఉత్తర్వులో నిబంధన ఇలా ఉంది: 'సదరు అభ్యర్థి స్థానిక ప్రజలకు అపరిచితుడై ఉండవలెను. స్థానిక ప్రజలు సదరు అభ్యర్థికి అపరిచితులై ఉండవలెను. తెలిసినవాడు వ్యాపారము చేసినచో ఊరి సొమ్ము ఊళ్ళోనే తిరుగును. తెలియనివాడు వచ్చినచో బయటి పెట్టుబడి వచ్చినట్లు పరిగణింపబడును.'

ముందే వచ్చిన సెల్‌ఫోన్ కవర్లవాళ్ళకూ, మిరపకాయల వ్యాపారికీ ఆ పత్రాలు గంటలో వచ్చేశాయి. వాళ్ళెవరో నిజంగానే ఎవరికీ తెలియదు. పానకాలు విషయంలో మాత్రం విచారణ జరుపుతామన్నారు.

అతని భార్య సామ్రాజ్యం గట్టి మనిషి. విచారణ ఇంకా వారం ఉందనగా మొగుడికి తర్ఫీదు మొదలుపెట్టింది. తను వీధిలోకి వెళ్ళి, ఇంట్లోకి వచ్చి, బల్ల మీద కూర్చుని చెయ్యి చాపింది.

"చెప్పు. నేనెవర్ని?"

"సామ్రాజ్యానివి."

"ఇట్టా చెప్పావంటే మునిగిపోతాం. నీకు నేను తెలవదు. మళ్ళా వస్తా."

నాలుగు సార్లు వచ్చింది. నాలుగు సార్లూ అతను అలవాటు కొద్దీ, కూర్చో సామ్రాజ్యం అన్నాడు. ఐదోసారికి ఎలాగో మొహం రాయి చేసుకుని, "ఎవరమ్మా మీరు? ఏం కావాలి?" అన్నాడు.

"ఆఁ, అద్దీ!" అంది సామ్రాజ్యం. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా సర్దింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మాట వినడం ఆమెకు రుచించలేదు.

విచారణ రోజు వచ్చింది. ఏడో నంబరు గదిలో పరీక్ష కోసం బల్ల వేసి గాజులు పేర్చారు. సీతాపతిగారు రిజిస్టరుతో మూల నిలబడ్డారు. ఆఫీసు గుమాస్తా భ్రమరాంబగారు కొనుగోలుదారు పాత్ర వహిస్తారని ముందే నిర్ణయమైంది. ఆమె మొహం చిట్లించుకుని వచ్చి, అపరిచితురాలిలా కూర్చుని, కుడిచెయ్యి చాపింది.

"ఎవరమ్మా మీరు? ఏం కావాలి?" అన్నాడు పానకాలు గడగడా.

సీతాపతిగారు తల పంకించి రిజిస్టరులో ఒక టిక్కు పెట్టారు. సామ్రాజ్యం గుమ్మం బయట చెవి ఒగ్గి నిలబడింది.

"ఎర్ర మట్టిగాజులు డజను," అంది భ్రమరాంబగారు.

పానకాలు నోరు జాగ్రత్తగానే ఉంది. చేతుల సంగతే అతను మరిచిపోయాడు. ఎడం చెయ్యి తనంతట తానే వెనక్కి వెళ్ళి, రెండో వరసలోంచి సరిగ్గా ఆమె సైజు ఎర్ర గాజులు డజను లాగింది. సైజు అడగలేదు, కొలవలేదు. ఆమె కుడిచేతిని అందుకోబోయి ఆగి, "కుడిది వద్దులేమ్మా, ఎడమది ఇవ్వండి. చిన్నప్పుడు విరిగి అతుక్కున్న మణికట్టు గదా, నొప్పి పుడతది," అన్నాడు.

పైన మిరపకాయల గదుల్లో ఎవరో తుమ్మారు. భ్రమరాంబగారు పాపం తల వంచుకుంది. ఆమె పెళ్ళి గాజులు వేసింది పానకాలే.

సీతాపతిగారు రిపోర్టు రాశారు. 'అభ్యర్థి మాటలు నూతనముగా ఉన్నను, చేతులు మిక్కిలి పాతవిగా కనబడుచున్నవి. కావున పత్రము నిరాకరించవచ్చును.'

అప్పీలుకు అవకాశం ఉందని కమిషనర్‌గారు దయ తలిచారు. ఊళ్ళో ముప్ఫై మంది పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద పానకాలు ఎవరో తమకు తెలియదని రాసి, ఆఫీసుకొచ్చి నోటితో కూడా చెబితే చాలట. చేతులు పాతవైనా, చూసే కళ్ళు లేకపోతే వాటి పాతదనం లెక్కలోకి రాదని ఆయన వివరించారు.

సామ్రాజ్యం కొంగు బిగించి ఇల్లిల్లూ తిరిగింది. ముప్ఫై మందిని అడిగితే అరవై ఇద్దరు వచ్చారు. ఆఫీసు ఆవరణలో వరస కట్టారు. కాగితం మీద వాక్యం ముందే అచ్చు వేసి ఉంది: 'పానకాలు అను వ్యక్తిని నేను ఇంతకు మునుపు ఎన్నడూ చూచియుండలేదు. చూచినను గుర్తుపట్టను. గుర్తుపట్టినను పలకరించను.'

పానకాలును ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ వచ్చి అతని మొహం చూసి, తెలీదని చెప్పి వేలిముద్రో సంతకమో పెట్టి వెళుతున్నారు. మొదట్లో అతనికి నవ్వొచ్చింది. పాలు పోసే నాంచారమ్మ పొద్దున్నే అతని ఇంట్లో కాఫీ తాగి వచ్చి, "ఎవురో ఏమో, ఈ మొకం నేనెరగను," అంటుంటే కడుపు పట్టుకున్నాడు. పదిమంది అయ్యేసరికి నవ్వు ఆగిపోయింది. ఇరవై మంది అయ్యేసరికి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

ఇరవై ఏడో మనిషి అలివేలు టీచరుగారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పానకాలు కూతుళ్ళిద్దరూ ఆమె దగ్గరే చదువుకున్నారు. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఈయన మీకు తెలుసా?" అన్నారు సీతాపతిగారు.

"తెలియదు." ఆమె బల్ల మీది కాగితం వంకే చూసింది. "ముప్ఫై ఆరేళ్ళు పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పానండీ. రాసుకోండి. ఈయనెవరో నాకు తెలియదు."

ఆమె పానకాలు వైపు చూడకుండా వెళ్ళిపోయింది. పానకాలుకు తన మంచి కోరి చెప్పిన మాటేనని తెలుసు. అయినా ఇంతమంది నోట, వరసగా, తను ఎవరికీ ఏమీ కానని వినడం అతనికి మహా కష్టంగా ఉంది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. సామ్రాజ్యం దూరం నుంచి కళ్ళతోనే కూర్చోమంది. కూర్చున్నాడు.

పత్రం వచ్చింది. బంగారు రంగు అంచుతో, గుండ్రటి ముద్రతో చాలా బాగుంది. మూడేళ్ళ ఒప్పందం, మొదటి ఏడాది ఉచితం. విరూపాక్షరావుగారు స్వయంగా కరచాలనం చేసి, "మా ఊరికి స్వాగతం. మొదటిసారి రావడమా?" అన్నారు.

ఒప్పందం చివరి పేజీలో ఒక షరతు ఉంది. లబ్ధిదారుడు పాత పరిచయస్థులతో వ్యాపారము చేసినట్లు కనబడినచో గాని, మూడేళ్ళకు ముందే గది విడిచిపెట్టినచో గాని, కాగితం మీది అద్దె మొత్తం, అనగా ఆరు లక్షల నలభై ఎనిమిది వేలు, ఒక్కసారిగా వసూలు చేయబడును. పానకాలు సంతకం పెట్టే ముందు అది చదివాడు. పాత పరిచయస్థులు రాకపోతే ఇంకెవరొస్తారని అడిగాడు.

"కొత్తవాళ్ళు వస్తారయ్యా. అభివృద్ధి అంటే అదేగా," అన్నారు సీతాపతిగారు. అప్పటి నుంచి ఆయన కాంప్లెక్సు వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చిపోయేవాళ్ళను చూస్తూ కూర్చునేవారు.

పానకాలు గదికి అద్దె లేదు. బేరమూ లేదు. ఊళ్ళోవాళ్ళూ పన్నెండు ఊళ్ళ వాళ్ళూ అందరూ పాతవాళ్ళే. వాళ్ళు వస్తే అతనికి నష్టమని తెలిసి, ఎవరికి వారే తప్పుకు తిరిగేవారు. ఎదురుపడితే తల తిప్పేసుకునేవారు. మొదటి నెలలో కొట్టుకు ముగ్గురే వచ్చారు. ఇద్దరు బస్సు టైము అడిగారు. మూడో అతను మరుగుదొడ్డి ఎటని అడిగాడు. పానకాలు రోజూ పొద్దున గాజుల పెట్టెలు తుడిచి, సాయంత్రం మళ్ళీ తుడిచి, ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచేవాడు.

"ఉచితంగా కూర్చోటానికి ఇంత కష్టపడాల్సొస్తదని అనుకోలా," అన్నాడొకనాడు భార్యతో.

"ఓర్చుకో. ఏడాది ఎంతలో పోతది," అంది సామ్రాజ్యం. కానీ ఆమెకూ ధైర్యం చాలడం లేదు. ఇంటి ఖర్చుకు చెవుల దుద్దులు తాకట్టుకు వెళ్ళాయి.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పానకాలు కొట్లో కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. అవతల సోడా బండి పక్కన మంగతాయారు నిలబడి ఉంది. పక్కన కూతురు, ఏడో నెల కడుపుతో నడుం మీద చెయ్యి వేసుకుని ఉంది. ఎల్లుండి సీమంతం. మంగతాయారు పెళ్ళి గాజులు వేసింది తనే. ఆ కూతురికి బాలింత గదిలో నల్లగాజులు తొడిగింది తనే. ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్లకు మొదటి గాజు ఎవరు వేస్తారు? వాళ్ళిద్దరూ అరగంట నుంచి ఎండలో అక్కడే ఉన్నారు. కొట్టు వైపు రారు, ఇంటికి పోరు. పానకాలు చూపు తగలగానే మంగతాయారు చటుక్కున మొహం అటు తిప్పుకుంది.

పానకాలు లేచాడు. పెట్టెల్లోంచి గాజుల వరసలు తీసి తాళ్ళకు గుచ్చాడు. ఎర్రవి, పచ్చవి, పసుపువి అన్నీ కట్టగట్టి, వెనకటి రోజుల్లో ఊరూరా తిరిగి అమ్మిన తన తండ్రిలాగే మలారం భుజాన వేసుకున్నాడు. గది తాళం వేసి, ఆ తాళం చెవిని వరండాలో కునుకు తీస్తున్న సీతాపతిగారి రిజిస్టరు మీద పెట్టాడు.

ఆయన కళ్ళు తెరిచారు. "ఎక్కడికయ్యా? మూడేళ్ళ ఒప్పందం!"

"తెలిసినవాళ్ళు పిలుస్తన్నారండీ," అన్నాడు పానకాలు.

రోడ్డు దాటి వెళ్ళి, సోడా బండి బల్ల మీద ఆ పిల్లను కూర్చోబెట్టి, "చెయ్యి ఇవ్వు తల్లీ," అన్నాడు. ఆ పిల్ల నవ్వుతూ చాపింది. మంగతాయారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఎంత పని చేశావు అన్నా! ఆరు లక్షలంట గదా!" అంది. ఆ లెక్క పానకాలుకూ గుర్తుంది. కానీ నాలుగు నెలల తర్వాత చేతులకు పని దొరికింది. ఆ సంతోషంలో అతను ఆరు లక్షలను అవతల పెట్టాడు.

ఆ రోజు నుంచి పానకాలు వీధుల వెంట తిరిగి గాజులు అమ్మాడు. కొట్టు ఉన్నప్పటి కన్నా బేరం బాగుంది. ఆఫీసువారు అతని బాకీ ఫైలును ఏడాది చివరి వసూళ్ళతో కలిపి చూద్దామని పక్కన పెట్టారు.

మరో మూడు నెలలకు, కొత్తగా వచ్చినవాళ్ళ ఉచిత సంవత్సరం ముగిసింది. ముగిసిన రోజున కాంప్లెక్సులో ఐదు సెల్‌ఫోన్ కవర్ల కొట్లూ, మిగతావీ లేవు. మిరపకాయల వ్యాపారి ధర పెరిగిందని ముందు వారమే లారీలు ఎక్కించేశాడు. తొమ్మిది గదుల్లో ఘాటు ఒక్కటి మిగిల్చి వెళ్ళాడు. అందరికీ వసూలు నోటీసులు పంపాలని కమిషనర్‌గారు ఆజ్ఞాపించారు. ఎవరి చిరునామాకు పంపాలని సీతాపతిగారు అడిగారు. ఫైళ్ళు తీశారు. వాళ్ళెవరో ఊళ్ళో ఎవరికీ తెలియదని ఆఫీసువారే గుండ్రటి ముద్ర వేసి ధ్రువీకరించిన పత్రాలు వరసగా బయటపడ్డాయి.

"ఒక్కడు ఉన్నాడండీ," అన్నారు సీతాపతిగారు. "పానకాలు. వాడు ఊళ్ళోనే తిరుగుతున్నాడు."

నోటీసు బంట్రోతు యోహాను చేతికి ఇచ్చారు. నిబంధన ప్రకారం, అందుకునే మనిషి పానకాలే అని ఊళ్ళో ఇద్దరు సాక్షులు గుర్తుపట్టి సంతకం చెయ్యాలి. యోహాను బయలుదేరాడు. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. రెండో వీధిలో అలివేలు టీచరుగారి అరుగు మీద పానకాలు కూర్చుని ఆమె చేతికి గాజులు ఎక్కిస్తున్నాడు. చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్ళు ఉన్నారు.

యోహాను గొంతు సవరించుకుని, "అమ్మా, పానకాలు అనే ఆయన మీకు తెలుసా?" అన్నాడు.

అలివేలు టీచరుగారు చెయ్యి పానకాలు చేతిలోనే ఉంచి, కళ్ళజోడు పైనుంచి చూసింది. "తెలియదు నాయనా. స్టాంపు కాగితం మీద రాసిచ్చాను గదా. మీ ఆఫీసులోనే ఉంది, చూసుకోండి." ఈసారి ఆమె పానకాలు వైపు నుంచి మొహం తిప్పుకోలేదు.

"మరి ఈయన?"

"ఈయన్ని చూసినా గుర్తుపట్టనని రాయించుకున్నారు. మాట తప్పమంటావా?"

యోహాను మిగతా ఎనిమిది మంది వైపు తిరిగాడు. ఎనిమిది మందీ తలలు అడ్డంగా ఊపారు. ఆ ఊపుకు కొత్త గాజులు గలగలలాడాయి. యోహాను ఊరంతా తిరిగాడు. అరవై రెండు కాగితాల వాళ్ళూ, కాగితాలు రాయనివాళ్ళూ కూడా ఒకటే మాట చెప్పారు. చివరికి అతను మళ్ళీ అరుగు దగ్గరికే వచ్చి, పానకాలు పక్కన కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి, నోటీసు వెనక రాసుకున్నాడు: 'సదరు పానకాలును ఈ ఊళ్ళో ఎరిగినవారు ఎవరును లేరు. నోటీసు తిప్పి పంపడమైనది.' రాసిన తర్వాత, "మా అమ్మాయికి ఆకుపచ్చవి అరడజను ఇవ్వు," అన్నాడు. సైజు అతను చెప్పలేదు, పానకాలు అడగలేదు.

ఆ రాత కమిషనర్ విరూపాక్షరావుగారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన రెండు సార్లు చదివారు. మెల్లగా ఆయన మొహం వికసించింది. ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరికి కూడా తెలియని మనిషి! ఇంతటి నూతనత్వం ఏ దరఖాస్తులోనూ ఆయన చూడలేదు. బ్యాంకువారు విలువ కట్టను రావడానికి పది రోజులే ఉంది, నలభై గదులూ ఖాళీ. పాత బాకీ రద్దు చేయించి, అద్దె కాగితం మీద పాతిక వేలకు పెంచి, ఉచిత కాలం మూడేళ్ళకు పొడిగించి, ఆయన వెంటనే ఉత్తర్వు రాయించారు.

మర్నాటికి కాంప్లెక్సు గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'ఈ పట్టణమునకు పూర్తిగా అపరిచితులైన శ్రీ పానకాలు గారు ఎక్కడ ఉన్నను దయచేసి విచ్చేసి ఏడో నంబరు గదిని స్వీకరించవలసినదిగా పురపాలక సంఘము సాదరముగా ఆహ్వానించుచున్నది.'

పానకాలు మలారం భుజాన వేసుకుని అటుగా వస్తూ ఆగాడు. ఫ్లెక్సీని పైనుంచి కిందికి చదివాడు. గారు అని కూడా వేశారు. గేటు లోపల సీతాపతిగారు తాళం చెవి పట్టుకుని, వచ్చిపోయే ప్రతి కొత్త మొహాన్నీ ఆశగా చూస్తున్నారు. పానకాలును మాత్రం చూడలేదు. అతన్ని ఆయన బాగా ఎరుగును.

అంతలో ఎదురు సందు డాబా మీద నుంచి ఎవరో ఆడమనిషి పిట్టగోడ పట్టుకుని వంగి, "ఓ పానకాలూ! ఇటు రా, పిల్లలు నీకోసం చూస్తన్నారు!" అని వీధి వీధంతా వినబడేలా కేకేసింది.

"వస్తన్నానమ్మా," అని పానకాలు గబగబా అటు నడిచాడు.